పులివెందులకు తిరిగిచ్చిన చక్రాలు

కారుకు పెద్ద చక్రాలు వేయిస్తే దాని దర్జాయే వేరని మా మనవడు అంటాడు. వాడి కారు, వాడి ఇష్టం. కానీ చక్రం బరువెక్కితే బండి ఏమవుతుందో నేను కాళ్లతోనూ చేతులతోనూ తెలుసుకున్నదాన్ని. మూడో తరగతితో మిషన్ బడి మానేశాను కాబట్టి లెక్క వేసి చెప్పలేను. జరిగింది మాత్రం చెప్పగలను.

అవి మా వైపు పార్టీల రోజులు. పార్టీ అంటే ఓటు వేసి మరిచిపోయేది కాదు. ఊరికి ఊరే ఒక నాయకుడి వైపు ఉండేది, పక్క ఊరు ఇంకొకరి వైపు. ఈ ఊరి మగవాళ్లు ఆ ఊరి పొలిమేర దాటరు. ఆ ఊరి వాళ్లు ఇటు రారు. దాటితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆడవాళ్ల జోలికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. ఆ ఒక్క కట్టుబాటును రెండు వైపులా పాటించారు. అందుకని సంతకైనా, కోర్టుకైనా, ఆస్పత్రికైనా, జైల్లో ఉన్న మొగుణ్ని చూసి రావడానికైనా ఆడవాళ్లే తిరగాల్సి వచ్చేది.

మా ఆయన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మధ్య బాడుగ జీపు తోలేవాడు. ఆయనకు ఏ పార్టీ లేదు. కానీ పుట్టిన ఊరికి ఉంది. ఒకసారి కొందరు వంక దగ్గర జీపు ఆపి ఊరు పేరు అడిగారు. ఆయన చెప్పాడు. వాళ్లలో వాళ్లు ముఖాలు చూసుకుని, "ఈ తూరికి పో" అన్నారు. ఆయన ఇంటికి వచ్చి తాళంచెవి గూట్లో పెట్టాడు, మళ్లీ తీయలేదు. నేనాయనను పిరికివాడు అనలేదు, ఇంకొకరిని అననివ్వలేదు. కానీ నిలబెట్టిన జీపు తుప్పు పడుతుంది. బియ్యం అయిపోతాయి. "నాకు నేర్పీ మామా" అన్నాను. ఎండిపోయిన పెన్న ఇసుకలో నేర్పాడు. ఇసుకలో తోలినదానికి రోడ్డు ఒక లెక్కా? ప్రొద్దుటూరులో లైసెన్సు ఇచ్చే ఆయన నా చీరను, నా వయసును చూసి నవ్వాడు గానీ, బండి తోలి చూపించాక సంతకం పెట్టక తప్పలేదు.

అప్పటినుంచి నా జీపు రెండు వైపుల ఊళ్లకూ పోయేది. ఆడమనిషి తోలే బండి, ఆడవాళ్లు ఎక్కే బండి. దూరం నుంచి చూసి గుర్తుపట్టి దారి వదిలేవారు. అదే నా బతుకుతెరువు.

ఆ ఏడు వంక అవతలి ఊరి నుంచి ఒక పెద్దామె మా ఇంటికి వచ్చింది. ఆమె కోడలికి నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు కాన్పులో బండి దొరకక, మంచం మీద మోసుకొస్తుంటే బిడ్డ దారిలోనే పోయింది. మోసింది కూడా ఆడవాళ్లే. కొడుకు పొలిమేర దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఈ బిడ్డ కూడా పోతే నా కోడలు మనిషి కాదమ్మా," అంది ఆమె. "నొప్పులు మొదలైతే కబురు పంపిస్తా. నువ్వే రావాల. మా మగోళ్లు ఊరు దాటలేరు."

"వస్తా," అన్నాను. ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

ఆ మాట ఇచ్చిన తర్వాత కొద్ది రోజులకే చాపాడులో ఆడవాళ్ల ప్రార్థన కూటం ఉంటే బస్సులో పోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి వాకిట్లో నా జీపు నాకే గుర్తు తెలియలేదు. నేల మీది నుంచి అంత ఎత్తున లేచి నిలబడి ఉంది. కింద వెడల్పాటి టైర్లు, లావు ఇనుప రింగులు. బానెట్ మీద చెయ్యి వేసుకుని మా మరిది నిలబడి ఉన్నాడు. పులివెందులలో ఒక నాయకుడి కాన్వాయిలో కారు తోలేవాడు అతను.

"ఎట్లుంది వదినా? నిన్నటిదాకా కోడిపెట్ట. ఈ పొద్దు పుంజు."

"నా చక్రాలు యాడ?"

"అవి కూడా చక్రాలేనా? ఆ అప్పచ్చులను వేంపల్లె షెడ్డులో పడేసొచ్చినా. కాన్వాయికి కొత్తవి వేసినారు వదినా. పాతవి నీకు ఇప్పించినా. ఊరికే!"

ఊరికే వచ్చిన వస్తువును కాదనే స్వభావం కాదు నాది. వంగి చూశాను. టైర్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. చాలా ఏళ్లు నడుస్తాయి. మా ఆయన అరుగు మీద కూర్చుని తల గోక్కుంటున్నాడు. తమ్ముడిని వద్దనలేకపోయాడని అర్థమైంది.

"ముసలోళ్లు ఇంత ఎత్తుకు ఎట్లా ఎక్కుతారు?" అని మాత్రం అడిగాను.

"పీట ఒకటి వేసుకో వదినా. మహారాణుల మాదిరి ఎక్కుతారు."

పొద్దున్నే ప్రొద్దుటూరుకు బయలుదేరాను. మొదటి గేరులో క్లచ్ వదిలితే ఎప్పుడూ కదిలే జీపు కదలలేదు. ఇంకొంచెం తొక్కితే మూలిగింది. ఇంకా తొక్కితే అప్పుడు బరువుగా దొర్లింది. రోడ్డు మీద ఊపు అందుకున్నాక బాగానే పోయింది, ఆ మాట దాచను. గుంతలు కూడా అంతగా తెలియలేదు. కానీ నా బండి ఊపు అందుకుని పోయే బండి కాదు. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా చెయ్యెత్తే వాళ్లుంటారు. దించాలి, ఎక్కించాలి. ఆగిన ప్రతిసారీ ఆ చక్రాలను మళ్లీ నిద్ర లేపినట్టు లేపాలి. కొంచెం దూరం పోయేసరికి క్లచ్ కాలిన వాసన వచ్చింది. నా కాలు పిక్క పట్టేసింది.

చెరువు మలుపులో మేకల మంద రోడ్డు దాటుతోంది. బ్రేకు తొక్కాను. ఎప్పుడూ ఆగే చోట జీపు ఆగలేదు. తొక్కి పట్టుకునే ఉన్నాను, అది పోతూనే ఉంది. మేకలు రెండుగా చీలిపోయాయి. చివరికి మంద నడుమ ఆగింది. ముందు చక్రం పక్కనే ఒక మేకపిల్ల నిలబడి అరుస్తోంది.

కాపరి కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏమ్మా, కండ్లు యాడ పెట్టుకున్నావు? ఇంక రోంత అయింటే నేను ఈడనే మాంసం కొట్టు తెరిచేటోణ్ణి!"

"తప్పైపోయింది నాయనా."

"అంత లావు టైర్లు వేసుకున్నదానివి, ఆపేది నేర్చుకోలేదా?"

వెనక కూర్చున్న ఒకామె నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒంట్లో బాగలేదా అక్కా?" అంది. ఒంట్లో బాగానే ఉంది. నా మనసులో మాత్రం వంక అవతలి ఊరి కోడలు మెదిలింది. నిండు గర్భిణి వెనక కూర్చుని ఉంటే?

తిరుగు ప్రయాణంలో వంక అవతలి ఊరి మీదుగానే వచ్చాను. ఊరి మొదట్లో నాపరాతి అరుగు మీద ఎప్పుడూ కొందరు మగవాళ్లు కూర్చుని ఉంటారు. నా జీపును చూసి ఎవరూ లేచేవారు కాదు. ఆ రోజు అందరూ ఒక్కసారిగా లేచారు. ఒకతను ముళ్లకంప వెనక్కి పోయాడు. దగ్గరికి వచ్చాక నన్ను చూసి, నడుము దగ్గరికి పోయిన చేతులు దించారు.

"అక్కా, నువ్వా! దూరం నుంచి ఆ చక్రాలు చూసి వాళ్ల బండి అనుకున్నాం."

"అనుకుంటే ఏం చేసేటోళ్లు?"

అతను నేల వైపు చూస్తూ, "ఇంకొకసారి ఇట్లా రావద్దక్కా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మరిది ఇంకా అక్కడే ఉన్నాడు. సంగటి ముద్ద ముంచుకుని తింటున్నాడు. జరిగింది చెప్పాను.

"అలవాటు కావాల వదినా," అన్నాడు. "పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే శానా దూరం పోతాది. చమురు మిగుల్తాది. నువ్వు పీనాసిదానివి కదా, నీకు పండగే."

"మీ కాన్వాయి దారిలో యాడన్నా ఆగుతాదా?"

"ఆగితే ఇంకేమన్నా ఉందా! ఒకసారి కదిలితే పోతానే ఉంటాది."

"నాది అడుగడుక్కీ ఆగుతాది. నీ చక్రాలు పోయేదానికి చేసినవి. ఆగేదానికి చేసినవి కావు."

"ఎవురికి చెప్తాండావు? పదేండ్ల నుంచి తోల్తాండా నేను. చక్రం చక్రమే."

అప్పుడు అరుగు మీది నుంచి మా ఆయన లేచాడు. తాళంచెవి గూట్లో పెట్టిన రోజు నుంచి బండి సంగతి ఎత్తని మనిషి. మూల ఉన్న పాత సైకిలును తెచ్చి సీటు మీద తలకిందులుగా నిలబెట్టాడు. లోపలికి పోయి రెండు తూకం గుండ్లు, కొబ్బరి తాడు తెచ్చాడు. వెనక చక్రంలో పుల్లల మధ్య, ఇరుసుకు ఆనించి, ఎదురెదురుగా ఆ గుండ్లను బిగించి కట్టాడు.

"తిప్పురా," అన్నాడు తమ్ముడితో.

మరిది నవ్వుకుంటూ పెడలు తిప్పాడు. చక్రం సర్రున తిరిగింది.

"చెయ్యి పెట్టి ఆపు."

అరచెయ్యి ఆనిస్తే ఆగిపోయింది.

మా ఆయన గుండ్లు విప్పి, ఈసారి అంచున, టైరుకు ఆనించి కట్టాడు. "ఇప్పుడు తిప్పు."

మరిది పెడలు నొక్కాడు. చక్రం బద్ధకంగా కదిలింది. రెండు చేతులూ వేసి తిప్పితే మెల్లగా ఊపు అందుకుంది. అందుకున్నాక గిర్రున తిరగసాగింది.

"ఆపు."

అరచెయ్యి ఆనించి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"గుండ్లు అవే," అన్నాడు మా ఆయన. "బరువు పెరగలేదు, తరగలేదు. నడుమ ఉంటే చక్రం మాట వింటాది. అంచుకు పోతే వినదు. కదలమంటే కదలదు, ఆగమంటే ఆగదు. నువ్వు తెచ్చినదాంట్లో బరువంతా అంచులోనే ఉండాది. పైగా బరువే ఎక్కువ. దానికి తోడు చక్రం ఎత్తు పెరిగినకొద్దీ ఇంజను తోపు తగ్గుతాది, బ్రేకు పట్టు తగ్గుతాది. మీ కార్ల ఇంజను పెద్దది, బ్రేకులు పెద్దవి. దీనికి అవే పాతవి. చక్రాలు మాత్రం మార్చి, తక్కినదాన్నంతా ఆడమనిషి కాలి మీద పెట్టినావు."

నాకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. విసుర్రాయి తిప్పిన ఎవరికైనా తెలిసిన సంగతే. మొదటి చుట్టు భుజాన్ని లాగేస్తుంది. తర్వాత చెయ్యి వేస్తే చాలు, అదే తిరుగుతుంది. ఉన్నపాటున ఆపాలంటే మణికట్టును పట్టుకుపోతుంది. పెద్ద రాయి అయితే మరీ. రాయి అయితే పిండితో పోయింది. జీపులో మనుషులుంటారు.

మరిది అరచెయ్యి ఊదుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వెనక్కి ఇస్తే వాళ్లను కాదన్నట్టు వదినా. రేపు నా పనేం కావాల?" అన్నాడు.

"నేనే ఇస్తా. నేనే చెప్తా. నీ పేరు రానియ్యను."

"వాళ్ల సంగతి నీకు తెలీదు."

"నాకు తెలిసింది ఒకటే. ఆ పెద్దామెకు మాట ఇచ్చినా. ఈ చక్రాలతో ఆ ఊరికి పోలేను. పోయినా, కావాల్సిన చోట ఆపలేను."

మరుసటి రోజు తెల్లవారాక, మధ్యలో కబురు వస్తే ఏం చేయాలో తెలియకపోయినా, వేంపల్లెకు బయలుదేరాను. మరిది పక్కన కూర్చుని దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు. షెడ్డులో నా చక్రాలు రెండే ఉన్నాయి. మిగతా రెండూ చక్రాయపేటకు పోయే ట్రాలీకి బిగించి పంపించానన్నాడు షెడ్డు అతను.

"ఎవరివని పంపించినావు?"

"వద్దని పడేసిపోయినారు కదమ్మా."

"నేను పడేయలేదు. తెప్పీ."

"ఎల్లుండి వస్తాది ట్రాలీ. అప్పుడు రండి."

షెడ్డు వాకిట్లో ఒక పాత టైరు పడి ఉంది. దాన్ని సరిగ్గా గడపకు అడ్డంగా దొర్లించి, దాని మీద కూర్చున్నాను. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా నన్ను దాటాలి.

"ఏందమ్మా ఇది?"

"ట్రాలీ వచ్చేదాకా ఈడనే ఉంటా. నీ పని నువ్వు చేసుకో."

మరిది తల మీద చెయ్యి పెట్టుకుని, "మా వదిన ఎల్లుండి దాకా కూర్చుంటాదప్పా. నేను ఎరుగుదును. మనిషిని పంపించు," అన్నాడు. ఇద్దరు గిరాకీలు నన్ను చూసి వెనక్కి పోయాక షెడ్డు అతను మోటారుసైకిల్ తీశాడు. మధ్యాహ్నానికి నా చక్రాలు వచ్చాయి. వాటి మీది మట్టిని నేనే తుడిచాను.

పాతవి బిగించాక, పెద్దవాటిని జీపు వెనక పడుకోబెట్టాం. వేంపల్లె నుంచి పులివెందులకు ఆ బరువుతోనే పోయాను. అవే చక్రాలు, అదే జీపు. పొద్దున కింద తిరిగినప్పుడు మొరాయించిన బండి, ఇప్పుడు వాటిని సరుకులాగ మోస్తూ, మొదటి గేరులో మామూలుగా కదిలింది. బ్రేకు తొక్కిన చోట ఆగింది. మరిది కూడా అది గమనించాడు. కిటికీ నుంచి ముఖం ఇటు తిప్పాడు.

ఊరి మొదట్లోనే అతన్ని దిగిపొమ్మన్నాను. నాయకుడి ఇంటి ఆవరణలో బండ్ల సంగతులు చూసుకునే మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. చక్రాలు చూశాడు, నన్ను చూశాడు.

"ఏమ్మా, ఊరికే ఇస్తే చేదా?"

"చేదు కాదప్పా. మంచి చక్రాలే. నా జీపుకు సరిపోవు. ఆ బరువుకు బ్రేకు పట్టదు. నేను కాన్పులకు పోయేదాన్ని."

"చక్రాలు సరిపోలేదా? మేము సరిపోలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

"మిమ్మల్ని తూకం వేసేదానికి రాలేదు. చక్రాలు ఇచ్చిపోదామని వచ్చినా."

"కాన్పులన్నావు. ఏ ఊరోళ్లు?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తెలుసు. నవ్వులు కూడా ఆగిపోయాయి.

"ఊరు అడిగి ఎక్కించుకోను. మీ ఊళ్ల ఆడబిడ్డలను కూడా నేనే ఆస్పత్రికి చేర్చినా. అప్పుడు కూడా ఊరు అడగలేదు."

అతను నా ముఖంలోకి చూస్తూ బీడీ పడేశాడు. "రేపు నీకేమన్నా అయితే మా వాకిలి తొక్కొద్దు."

"తొక్కను."

"దింపుకోండ్రా," అన్నాడు పక్కవాళ్లతో. దింపుకున్నారు. నేను జీపు తిప్పుకుని వచ్చేశాను.

ఆదివారం చర్చి అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే కబురు వచ్చింది. చీర కూడా మార్చుకోలేదు. ఊరి మొదట్లో అరుగు మీది వాళ్లు జీపు చక్రాల వైపు చూసి, కూర్చున్న చోటే చెయ్యెత్తి పొమ్మన్నారు. కోడలిని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పెదవి కొరుక్కుని ఉంది. అత్త వెనక సీటులో కూర్చుని ఆమె తలను ఒడిలో పెట్టుకుంది. కొడుకు జీపు పక్కనే నడుస్తూ వచ్చాడు. నేను అందుకే మెల్లగా తోలాను. పొలిమేర రాయి దగ్గర అతను ఆగిపోయాడు. "అక్కా," అన్నాడు.

వంక మీది కల్వర్టు ఒక్క బండి పట్టేంతది. మలుపు తిరిగేసరికి నాపరాళ్ల లారీ ఎదురుగా కల్వర్టు ఎక్కేసింది. వాడికి ఆపే వీలు లేదు, బరువు అంతది. నేనే ఆపాలి. తొక్కాను. జీపు ముక్కు నేల వైపు వంగి, కల్వర్టు గోడ ఇవతలే నిలబడింది. వెనక అత్త ఒడిలోంచి కోడలి తల జారలేదు.

"ఏమైంది?" అంది అత్త.

"ఏం కాలేదు. లారీ పోతాంది."

లారీ వాడు పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. వెంటనే గేరు వేశాను. మిట్ట ఎక్కాలి, ఆలస్యం లేదు. జీపు తడబడకుండా కదిలింది.

జమ్మలమడుగు ఆస్పత్రి వాకిట్లో దించాను. లోపల ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాను. అత్త బయటికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నేను బల్ల మీది నుంచి లేచాను.

"ఆడబిడ్డ," అంది. "ఏడుస్తాంది, గట్టిగా. విన్నావా నువ్వు?"

విన్నాను. తలుపులోంచి వినిపిస్తోంది.

"నా కొడుకుకు నువ్వే చెప్పాల. వాడు రాలేడు కదా."

మళ్లీ కల్వర్టు దాటి పోయాను. అతను ఆ రాయి దగ్గరే ఉన్నాడు, నిలబడి. జీపు కనిపించగానే రోడ్డు మధ్యకు వచ్చాడు. నేను దగ్గరికి వస్తున్నా పక్కకు జరగలేదు. జరగాలని తోచినట్టు లేదు. బ్రేకు తొక్కాను. అతనికి జానెడు దూరంలో జీపు నిలిచింది. అతను బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నా నోటి వైపు చూశాడు.

"ఇద్దరూ బాగుండారు," అన్నాను. "ఆడబిడ్డ. ఏడ్చేది మానుకుని ఇంటికి పోయి మెత్తటి పాత గుడ్డలు, ఒక బొంత తీసుకురాపో. చీకటి పడేలోగా నేను మళ్లీ పోవాల."